మిషన్ బాగానే ఉందని చెప్పాను

ఈ మాట చాలా ఏళ్లుగా లోపలే పెట్టుకుని తిరుగుతున్నాను. మోసి మోసి అలసిపోయాను. ఇప్పుడు చెప్పడానికి అంతకన్నా గొప్ప కారణమేదీ లేదు. మెదక్‌లో నాకొక చిన్న షెడ్డు ఉంది, ప్యాకింగ్ మిషన్లు తయారు చేస్తాను. వచ్చినవాళ్లు ముందు అడిగేది ఒకటే: స్టెప్పర్ మోటార్ పెట్టాలా, సర్వో పెట్టాలా? జవాబు నాకు బాగానే తెలుసు. అయినా చెప్పబోయే ముందు ప్రతిసారీ ఒకామె గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

హవేలిఘనపూర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ కూరగాయల విత్తనాల వ్యాపారం పెట్టినాయన ఒకరున్నారు. అందరూ పటేల్ అంటారు. ఆయనకు బెండ గింజల ప్యాకెట్లు నింపే మిషన్ కావాలి. గుంటలున్న గుండ్రటి పళ్లెం నాలుగు వేళ్ల దూరం తిరగాలి, ఆగాలి, గుంటలోని గింజలు కింద ప్యాకెట్లో పడాలి, వెంటనే మళ్లీ తిరగాలి. సర్వో మంచిదట కదా అని పటేల్ ఎక్కడో విని అడిగాడు. నేను నవ్వాను. సర్వో ఎక్కడ ఆగిందో తనే చూసుకుంటుంది, నిజమే, కానీ ఇంత చిన్న దూరానికి వెళ్లిన చోట కుదురుకోవడానికే దానికి కాస్త సమయం పోతుంది, స్టెప్పరైతే చెప్పినన్ని అడుగులు వేసి అక్కడే బిగుసుకుని నిలబడుతుంది అని పదిమందిలో పెద్ద పాఠమే చెప్పాను. బరువు ఎక్కువై అడుగు తప్పితే, తప్పానని స్టెప్పర్ చెప్పదు. ఆ సంగతి చెప్పానా? చెప్పలేదు. నేను కట్టిన మిషన్ ఎందుకు తప్పుతుంది?

కొత్త మిషన్‌కు పూజ చేసిన రోజే ట్రయల్ చూశాం. పసుపూ కుంకుమా పెట్టిన మిషన్‌లో మందు పట్టించిన గింజలు పోస్తారా, అది విషం కదా అని పటేల్ వాళ్లమ్మ అడ్డుపడింది. ఇంట్లోంచి మినుములు తెప్పించి పోశాం. మినుములు నున్నగా జారిపోయాయి, పళ్లెం చకచకా తిరిగింది, కొబ్బరికాయ కొట్టారు, నాకు శాలువా కప్పారు. అసలు గింజలతో మళ్లీ చూడాలన్న ఆలోచన రాలేదా? వచ్చింది. శాలువా కప్పుకుని ఇంటికొచ్చేశాను.

ఆ మిషన్ మీద పనిచేసింది సువార్తక్క. నాకన్నా పెద్దది. ఆదివారం చర్చిలో ముందు వరుసలో నిలబడి పాటలు పాడేది, ఆ వరుసలో నిలబడటమే ఆమెకు పెద్ద గౌరవం. సీజన్ మొదలయ్యాక రేగోడ్ వైపు రైతులు సగం నిండిన ప్యాకెట్లు పట్టుకొచ్చి పటేల్ మీద అరిచారు. ఎక్కువ నిండిన ప్యాకెట్ ఎవరు తెచ్చిస్తారు? అందుకే పటేల్‌కు సగం సంగతే తెలిసింది. గింజలు ఎవరో తీస్తున్నారనుకున్నాడు. మిషన్ దగ్గర ఉండేది ఒక్క సువార్తక్కే.

నన్ను పిలిపించాడు. పళ్లెం ఎత్తి చూశాను. కింద గులాబీ రంగు మందు పొడి పేరుకుపోయి గట్టిపడింది. చేత్తో తిప్పితే పట్టేస్తోంది. అంచు మీద పెన్నుతో గీత గీసి నడిపించాను. కాసేపటికే గీత ఆగాల్సిన చోట ఆగలేదు. మోటార్ అడుగులు తప్పుతోంది. ఒక ప్యాకెట్లో తక్కువ పడినవి తర్వాతి దాంట్లో ఎక్కువ పడుతున్నాయి. అంతా అర్థమైంది. బట్ట తీసుకుని ఆ గీత తుడిచేశాను. ఎందుకు తుడిచాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా ఒక్కటే జవాబు, అంత పాఠం చెప్పినవాణ్ణి కదా, తల కొట్టేసినట్టవుతుందని.

పటేల్ వచ్చాడు. వెనకే సువార్తక్క.

"మిషిన్ల ఏమన్న ఫరక్ ఉన్నదా? ఉంటె చెప్పు, నేనేం అనుకోను."

"ఏం లేదు పటేలా. మిషిన్ మంచిగనే ఉన్నది."

"నా సంచి సూడుండ్రి పటేలా, నా ఇల్లు సూడుండ్రి," అంది సువార్తక్క. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వన్న జర చెప్పు తమ్మీ."

"నేను మిషిన్ సంగతే చెప్పగల్గుత అక్కా. మనుషుల సంగతి నాకేం ఎరుక?"

ఏమీ అనుకోనని ఆయన ముందే అన్నాడు. అయినా నా సామాన్ల సంచి సర్దుకుని వచ్చేశాను.

మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు. ఆ వారంలోనే సర్వీసింగ్ అని చెప్పి వెళ్లాను. పళ్లెం శుభ్రంగా కడిగాను, పొడి తీసేయడానికి బ్రష్ పెట్టాను, మొదట్లో మీరడిగారు కదా అని పటేల్‌తో చెప్పి స్టెప్పర్ విప్పి పెద్ద సర్వో బిగించాను. తప్పు సరిదిద్దుతున్నాననే అనుకున్నాను. ప్యాకెట్లన్నీ సమంగా నిండాయి. పటేల్ నా భుజం తట్టి, "సూసినవా, ఆమె పోంగనే గింజలు ఎట్ల మంచిగ పడుతున్నయో," అన్నాడు.

నేను తలూపాను. అబద్ధం ఆడినదానికంటే అలా తలూపినందుకే నాకు ఎక్కువ సిగ్గు. నా రిపేరే ఆమె దొంగతనానికి సాక్ష్యమైంది. ఊళ్లో ఆ మాట పాకింది. విత్తనాల షెడ్లలో ఎవరూ ఆమెను పనికి పెట్టుకోలేదు. చర్చిలో ముందు వరుస వదిలేసి తలుపు దగ్గర కూర్చుంటోందని విన్నాను. వెళ్లి చూడలేదు.

ఇప్పుడు బస్టాండ్ దగ్గర బండి మీద కూరగాయలమ్ముతోంది. కనిపిస్తే మంచిగున్నవా తమ్మీ అంటుంది. నా మీద కోపం లేదు, అదే భరించలేకపోతున్నాను. మొన్న టమాటాలు తూకం వేస్తూ, మిషన్ మంచిగుందని నువ్వే అన్నావు కదా, మరి ఆ గింజలు ఎవరు తీసి ఉంటారని నన్నే అడిగింది. అప్పట్లో పటేల్ దగ్గరే వేరే పని చేసిన ఒకామె మీద తనకు అనుమానమట. ఇన్నేళ్లుగా ఆమెతో మాటల్లేవట. నేను టమాటాలు తీసుకుని వచ్చేశాను.

ఇక్కడిదాకా రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దీనివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించడానికి మీరెవరు? ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో కూడా మాటివ్వలేను. మొన్న ఆ బండి ముందు నిలబడి ఇవ్వాల్సిన జవాబు మాత్రం రాస్తున్నాను. ఎవరూ తీయలేదు అక్కా. నాకు ఆ రోజే తెలుసు.