బుధవారం సూదులు

మొన్న మా అమ్మాయికి నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. చేరేటప్పుడు తేవలసిన కాగితాలలో చిన్నప్పటి టీకాల కార్డు కూడా ఉంది, అదీ అసలుది. మహబూబాబాదులో మా ఇంటి వరండాలో మా అమ్మాయి ఆ జాబితా చదువుతుంటే నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఎవరైనా ఏం చేస్తారు? పక్కనున్న తల్లిని అడుగుతారు. అది నన్ను అడగలేదు. ఫోన్ తీసి భూపాలపల్లిలో ఉన్న వాళ్ళ పెద్దమ్మకు, అంటే మా బావగారి భార్యకు, కొట్టింది. "పెద్దమ్మా, నా టీకాల కార్డు నీ దగ్గరనే ఉన్నది గద?" అంది. అటునుంచి ఆవిడ గొంతు నాకూ వినబడింది. "ఏడికి పోతది బిడ్డా! బీరువల నా పట్టుచీరెల నడుమ పెట్టిన." పట్టుచీరల నడుమనట! నా కూతురి కార్డు ఇన్నేళ్ళుగా ఆవిడ పట్టుచీరల మధ్య మెత్తగా పడుకుని ఉందన్నమాట. నేను ఈనె తీయబోయి కాయనే తుంచి చెత్తలో పడేశాను.

దాచడమెందుకు, నాకు మా యారాలంటే కుళ్ళు. తోటికోడలిని మా వైపు యారాలంటాం. నలుగురిలో "మా అక్క, మా అక్క" అంటూనే ఉంటాను, అది పైకి. లోపల పెనం ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. ఆవిడ జడ ఇప్పటికీ నడుము దాటుతుంది, నాది పిలకై చాలా కాలమైంది. అది నేను ఏనాడో క్షమించేశాను. ఆవిడ పెట్టిన మామిడికాయ తొక్కు ఏడాది తిరిగినా ముక్క మెత్తబడదు, నాది దీపావళికే బూజు పడుతుంది. అదీ పోనీలే అనుకున్నాను. క్షమించలేనివి వేరే ఉన్నాయి. మా అమ్మాయి టీ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగుతుంది, అచ్చం ఆవిడలాగే. కోపమొస్తే ముక్కు కుడివైపుకు తిప్పుతుంది, ఆవిడలాగే. కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, "పెద్దమ్మ జేసిన చారు కావాలె" అంటుంది. నేను పోపు మార్చి, చింతపండు మార్చి, చివరికి గిన్నె కూడా మార్చి చూశాను. "మంచిగనే ఉందమ్మా" అంటుంది, మర్యాదకు. కన్న తల్లితో మర్యాదేమిటి?

అసలు కథ జనగామలో మొదలైంది. అప్పట్లో మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. బిడ్డకు ఇరవై ఒకటో రోజు చేసి, తొట్టెలలో వేసి, పేరు పెట్టిన కొద్ది రోజులకే నాకు టీచరు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. గార్ల అవతల ఒక తండా బడి. ఇంటికి ఆ జీతం కావాలి. కొత్త ఉద్యోగం, సెలవు అడుగుదామంటే నోరు పెగలలేదు. పసిబిడ్డతో తండాలో ఉండటానికి గది దొరకలేదు. మా యారాలికి అప్పటికే ఇద్దరు మగపిల్లలు. "ఇద్దరితోని ముగ్గురు, పో చెల్లె, నేను చూసుకుంట" అంది. ఎంత తేలిగ్గా అందో! శనివారం సాయంత్రం గార్లలో రైలెక్కి, కాజీపేటలో మారి, జనగామ చేరేసరికి నాకు కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. సోమవారం తెల్లవారకముందే మళ్ళీ ప్రయాణం. తండా పిల్లలకు ఇంటి భాష వేరు. నా పుస్తకాల తెలుగు వాళ్ళకు రేడియోలో మాటల్లా వినబడేది. ఒకటో తరగతి పిల్లలు ఆవలిస్తూ, పరాకున నన్ను "యాడీ" అని పిలిచేవాళ్ళు. వాళ్ళ భాషలో అమ్మ అని. పిలిచి, నాలుక కరుచుకుని, సిగ్గుపడేవాళ్ళు. గదినిండా ఉన్న పిల్లలు నన్ను అమ్మా అంటుంటే, నా బిడ్డ జనగామలో మరొకరి చంకలో ఉండేది.

పుట్టినప్పటి టీకా కాన్పయిన చోటే వేశారు. మిగతావన్నీ మా వాడ దవాఖానలో, బుధవారం బుధవారం. మా వాడలో టీకాలంటే బుధవారమే. నేను బుధవారం నాడు జనగామలో ఎలా ఉంటాను? శనివారం నేను గడప ఎక్కగానే ఆవిడ వార్తలు చదివేది. "మొన్న సూది ఇప్పించిన చెల్లె. తొడ గడ్డ కట్టింది. ఐసు పెట్టిన, మందు తాగిచ్చిన, జరం దిగింది. ఇప్పుడేం లేదు." ఇప్పుడేం లేదు! నేను బిడ్డ తొడ అటు తిప్పీ ఇటు తిప్పీ చూసేదాన్ని. నిజంగానే ఏమీ ఉండేది కాదు. నాకు చూసుకోవడానికి కాస్త వాపు కూడా మిగల్చలేదు మహాతల్లి. కృతజ్ఞత ఉండాలి కదా అంటారు మీరు. ఉండేది. కానీ దాని పక్కనే కుళ్ళు కూడా కాళ్ళు బారజాపుకుని కూర్చునేది, రెంటికీ ఒక్కటే మంచం.

ఇదంతా మనసులో ఉండబట్టే మొన్న గట్టిగా అన్నాను, "ఇంత దానికి భూపాలపల్లి దాకా ఎందుకు? సూదులు వేసింది జనగామ దవాఖాన. అక్కడ రికార్డు ఉండదా? నేనే తీయించుకొస్తాను" అని. మా అమ్మాయి నన్ను వింతగా చూసి, "చేతిల ఉన్నదాన్ని ఇడిసిపెట్టి గీ పరేషాన్ ఎందుకమ్మా" అంది. నేను వినలేదు. మర్నాడే జనగామ పోయాను. మా పాత వాడ దవాఖాన ఇప్పుడు కొత్త భవనంలోకి మారింది. కంప్యూటరు ముందు ఒక చిన్న వయసు సిస్టరమ్మ కూర్చుని ఉంది. నా ఫోన్ నంబరు కొట్టి చూసింది. రాలేదు. మా ఆయనది కొట్టింది. రాలేదు. "ఇప్పటి పిల్లలయి అయితె నంబరు కొడితె వస్తయి మేడం. అప్పటియన్ని కాయిదాల మీదనే" అంది. పాత రిజిస్టర్లు చూడమ్మా అని బతిమాలాను. పాపం, విసుక్కోకుండా సామాన్ల గదిలోకి నన్నూ తీసుకుపోయి, కట్టలు దింపి వెతికింది. భవనం మారినప్పుడు ఏవి ఎక్కడికి పోయాయో, మా అమ్మాయి పుట్టిన కాలానివి కనబడలేదు. దుమ్ముకు ఇద్దరం తుమ్ముకుంటూ బయటికి వచ్చాక ఆ పిల్ల ఎంతో ప్రేమగా అంది, "కార్డు తల్లి దగ్గరనే ఉంటది గద మేడం. ఇంట్ల ఒకసారి మంచిగ దేవులాడుండ్రి."

తల్లి దగ్గరనే ఉంటుందట. నా మొహం చూసి ఆ పిల్ల ధైర్యం చెప్పింది, "దొరకకపోతె ఏం గాదు మేడం. డాక్టరు సారు చూసి, కావాల్సిన సూదులు మళ్ళ ఏపిస్తడు." నాకు ప్రాణం లేచొచ్చింది. బయటికి రాగానే మా అమ్మాయికి ఫోన్ చేసి, పాత కార్డు సంగతి వదిలేయమనీ, హాయిగా మళ్ళీ వేయించుకుందామనీ, ఈసారి నేనే దగ్గరుండి తీసుకుపోతాననీ చెప్పాను. అది, "నీ కుళ్ళుకు నా చెయ్యి తూట్లు పడాల్నా అమ్మా?" అంది. ఇన్నేళ్ళూ నేను గుట్టుగా దాచుకున్నాననుకున్నాను. దానికి ఎప్పుడో తెలుసన్నమాట. జనగామ బస్టాండులో ఎండకో సిగ్గుకో మొహమంతా మండింది.

ఆదివారం నాడు తల్లీకూతుళ్ళం భూపాలపల్లి బస్సెక్కాం. పరకాల దాటాక బొగ్గు లారీల వెనక బస్సు ఈడ్చుకుంటూ పోయింది. మా అమ్మాయి మాత్రం పుట్టింటికి పోతున్నట్టు కిటికీలోంచి తల బయటపెట్టి హుషారుగా ఉంది. తర్వాతి కాలంలో బావగారికి బొగ్గు గనిలో ఉద్యోగం వచ్చింది కాబట్టి వాళ్ళ కాపురం అక్కడే, క్వార్టరులో. తలుపు తీసి మా యారాలు, "ఏంది చెల్లె, నువ్వు గూడ వచ్చినవా! మంచిగైంది" అంది, నా బిడ్డను కావలించుకుంటూనే. వంటింట్లోంచి సర్వపిండి వాసన, గిన్నెకు ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె. మా అమ్మాయి కోసమని వేరుగా చెప్పాలా?

కార్డు తెచ్చింది. ప్లాస్టిక్ కవరులో, అంచులకు టేపు వేసి ఉంది. గళ్ళన్నీ నిండి ఉన్నాయి, ఒక్క బుధవారం కూడా తప్పలేదు. నేను దోషం వెతుకుతున్నానని తెలుస్తూనే ఉంది, అయినా వెతికాను. దొరికింది. పైన, తల్లి పేరు రాయవలసిన చోట నా పేరు లేదు. ఆవిడ పేరు ఉంది. తండ్రి దగ్గర మాత్రం మా ఆయన పేరే, శుభ్రంగా. "గిదేందక్కా?" అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, "ఓ, గదా! మొదటిసారి పోయిననాడు సిస్టరమ్మ పేరేందమ్మ అన్నది. ఎత్తుకున్నది నేను. నన్నే అడిగిందనుకొని నా పేరు చెప్పిన. బిడ్డ తండ్రి పేరేంది అంటె మరిది పేరు చెప్పిన. ఇంటికొచ్చినంక మీ బావ చూసి ఒకటే నవ్వుడు" అంది. నాకు నవ్వు రాలేదు. "నవ్వినంక మారిపియ్యాలె గద! ఇన్నేండ్ల సంది దాని తల్లివి నువ్వేనని రాసుకొని, చీరెల్ల దాసుకున్నవా?" అనేశాను. మా అమ్మాయి "అమ్మా!" అంది. సర్వపిండి మాడుతున్న వాసన వచ్చినా ఎవరూ లేవలేదు.

ఆవిడ కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది. "దాసుకున్న. ఏం జేయమంటవ్?" అంది. "సూది పొడిచిన సిస్టరును నీ బిడ్డ ఏమనకపోయేది. గట్టిగ పట్టుకున్న నన్ను కొట్టేది, మొకం మీద. రెండు దినాలు నా చంకకు రాకపోయేది. గంతల్నే శనారమొచ్చేది, నువ్వొచ్చేదానివి. నిన్ను చూసుడే ఆలస్యం, నీ మెడ పట్టుకొని ఇడ్వకపోయేది. ఏడిపిచ్చుడు నా వంతు, నవ్విచ్చుడు నీ వంతు. నాకెంత కడుపు మండేదో నీకేమెరుక చెల్లె? ఏడనన్న ఒక్క కాడ దాని తల్లినని ఉంటె ఏమాయె అనుకున్న. గంతే."

నిజం చెబుతున్నాను, ముందు నాకు సంతోషమే కలిగింది. ఆవిడకూ నా మీద కుళ్ళే! ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే కాలుతున్నాననుకున్నాను. లేచి పోయి పొయ్యి కట్టేసి, మాడిన సర్వపిండి పెచ్చు గీకి, ముగ్గురికీ పెట్టాను. తింటూ ఉంటే ఆ సంతోషం కాస్తా అడుగంటింది. పసిబిడ్డ చిన్న చేతులతో కొట్టిన దెబ్బలు, ఆ ఏడుపులు, ఆ రెండేసి రోజుల అలకలు, అవి కూడా ఆవిడకే దక్కాయి కదా అనిపించింది. మెడ పట్టుకుని వేలాడిన శనివారాలు నావే. అయినా నాకు ఆ బుధవారాలూ కావాలనిపించింది. ఇంత ఆశ ఉంటుందా మనిషికి అనుకున్నాను, ఉంది.

పేరు తేడాకు దవాఖాన డాక్టరు పుట్టుక సర్టిఫికెట్ పక్కన పెట్టి చూసి, కాగితం రాసి సంతకం చేసి ఇచ్చాడు. కార్డు మీద ఆవిడ పేరు కొట్టేయించి నాది రాయిద్దామన్నాను. "గది గట్లనే ఉండనియ్యమ్మా" అంది మా అమ్మాయి. సరే అన్నాను, పళ్ళ బిగువున.

అక్కడితో అయిపోలేదు. నర్సు చదువుకు పోయేవాళ్ళు కొత్తగా మరో టీకా వేయించుకోవాలట. ఈ మాట భూపాలపల్లి దాకా పోనివ్వకుండా జాగ్రత్తపడి, ఇప్పుడు నేను చేస్తున్న కురవి బడికి బుధవారం సెలవు పెట్టి, నేనే తీసుకుపోయాను. దాని చెయ్యి పట్టుకుందామనుకున్నాను. గది తలుపు దగ్గర అది వెనక్కి తిరిగి, "లోపల జాగ లేదట అమ్మా, నువ్వు బయట కూసో" అంది. పసిపిల్లల తల్లులంతా ఒళ్ళో బిడ్డలతో లోపలికి పోయి వస్తున్నారు. నేను ఉత్త చేతులతో బెంచీ మీద కూర్చున్నాను. లోపలినుంచి ఏ ఏడుపు వినబడినా మెడ చాపాను. వాటిలో నా బిడ్డది లేదు. దూది ఒత్తుకుంటూ నవ్వుతూ బయటికి వచ్చింది, అప్పటికే ఫోన్ చెవి దగ్గరుంది. "ఏసిన్రు పెద్దమ్మా. ఈసారి ఎవ్వల్ని కొట్టలే" అంటోంది.

నా పక్కన కూర్చుని, చెయ్యి నా ఒళ్ళో పెట్టి, "గీ దూది జర పట్టుకో అమ్మా, మాట్లాడుతున్న" అంది. పట్టుకున్నాను. నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది. వాళ్ళిద్దరి మాటలు ఎంతకీ తెగలేదు, నేనూ తొందరపెట్టలేదు. పోయిన బుధవారాలను కాలం ఎవరికీ తిరిగి ఇవ్వదు. నా వంతుకు వచ్చిన ఆ కాసేపు మాత్రం గట్టిగా ఒత్తి పట్టుకుని కూర్చున్నాను.