చలికాలం చేప ఎర ముట్టదు

మా అయ్య మా ఇంట్లో కడుపునిండా తినేవాడు కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మాట చెప్పాలంటే నాకు సిగ్గుగానే ఉంటుంది. కూతుర్ని నేను, వడ్డించే చెయ్యి నాది, అయినా రెండు ముద్దలు మింగి, గ్లాసుడు నీళ్లు తాగి, "సాలమ్మా, ఆకలి నేదు" అని లేచిపోయేవాడు. చేపల వేట నుంచి ఇంటికొస్తే కుండ ఊడ్చి తినే మనిషని నాకు తెలియనిదా?

అప్పట్లో మేం కలకత్తాలోని మెటియాబ్రుజ్‌లో ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయనకు ఓడరేవు డాక్‌లో పని. గదిలో ఒక మూల చాపతడక అడ్డం కట్టి దానికి వంటగదని పేరు పెట్టుకున్నాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లం ఆ సందులో చాలామందిమే. మాకు గోడ అవతలివాళ్లు మాత్రం బెంగాలీలు, మేం దాదా అని, అంటే అన్న అని పిలిచే ఆయన, ఆయన భార్య. ఆమెను అందరం బౌదీ, అంటే వదిన అనేవాళ్లం.

తుపానుకి పడవ ముక్కలైపోయాక అయ్య మా దగ్గరికొచ్చాడు. అమ్మ అంతకుముందే పోయింది, నాకు తోడబుట్టినవాళ్లు లేరు, ఇంకెక్కడికి వెళ్తాడు? ఊళ్లో ఆయన తండేలు. అంటే పడవ మీద పెద్ద. వల ఎక్కడ వేయాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నది ఆయన చెప్పాకే జరిగేది. మావాళ్లలో ఆడపిల్ల తండ్రి అల్లుడింటికొస్తే చేతిలో ఏదో ఒకటి పట్టుకునే వస్తాడు, పూట ఉండి వెళ్లిపోతాడు. నెలలకి నెలలు ఉండిపోయినవాణ్ని ఏమంటారో ఆయనకు బాగా తెలుసు. కలకత్తాలో ఆ మాట అనేవాళ్లెవరూ లేరు. అయినా ఆయనకది వినబడుతూనే ఉండేది.

మా ఆయన చెడ్డవాడు కాదు, నోటికి మాత్రం అడ్డూ అదుపూ లేదు. "తిను మావా, ఇది నీ ఇల్లే కాదేటి" అని కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ అనేవాడు. అన్న ప్రతిసారీ అయ్య ఇంకో ముద్ద తగ్గించేవాడు. ఇక ఆగలేక ఒకరోజు నేను గట్టిగానే అడిగాను, నా వంట బాగోలేదా, నా మీద కోపమా అని.

"కోపమేటమ్మా," అన్నాడు. "నా సేత్తో పట్టిన సేప ఒక్కటి నీ పొయ్యి మీద ఉడకాల. అప్పుడు నాను మీది తిన్నట్టు కాదు, మీరే నాది తిన్నట్టు. ఆ పూట నుంచి నాకు ముద్ద దిగుతాది."

ఎక్కువేం అడగలేదు కదా అనుకున్నాను. చేపలు పట్టేవాడు చేప అడిగాడు, అంతే. పక్కింటి దాదాకి ఆదివారం వస్తే గాలం తప్ప వేరే లోకం లేదు. ఏదో గిడ్డంగిలో గుమాస్తా ఆయన. ఎర్రజెండాలు కట్టిన క్లబ్బు కుర్రాళ్లు దగ్గర్లోని చెరువుకి టికెట్లు ఇచ్చేవాళ్లు, ఆ టికెట్టు కొనుక్కుని పొద్దుగూకేదాకా గట్టున కూర్చునేవాడు. మా ఆయన అయ్యని కూడా తీసుకెళ్లమని దాదాని అడిగి ఊరుకున్నాడా? "మా మావ సముద్రాన్నే జల్లెడ పట్టినోడు దాదా, మీ చెరువు ఆయనకొక లెక్కా" అని అరుగు మీద నిలబడి సందంతా వినేలా చెప్పాడు. మర్నాటికి కుళాయి దగ్గర ఆడవాళ్లు కూడా నన్ను అడగడం మొదలుపెట్టారు, మీ నాన్న పట్టే చేపలో మాకు వాటా ఉందా అని. నేనూ నవ్వుతూ, తలకాయ మీకే అని మాటిచ్చేశాను.

అది పుష్యమాసం. పొగమంచు నీళ్ల మీదే పడుకుని ఉండేది, అవతలి గట్టు కనిపించేది కాదు. పైగా ఉత్తరపు గాలి. గాలాలవాళ్లంతా మఫ్లర్లు చుట్టుకుని, ముఖం మాత్రమే కనబడే కోతిటోపీలు పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్లు. దాదా తన పాత టోపీ ఒకటి అయ్యకి తొడిగాడు. ఎండావానల్లో తలకి గుడ్డ కూడా చుట్టుకోని మనిషి, ఆ టోపీలో ఎవరో రోగిష్టివాడిలా ఉన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన చూసి తను కూడా నవ్వాడు. ఆ చలికాలమంతటిలో మేమిద్దరం కలిసి నవ్వింది అదొక్కసారే అనుకుంటా.

చలికాలంలో చెరువు చేప సంగతి దాదా నాకు తర్వాత విడమరచి చెప్పాడు. పైనీరు చల్లబడితే అది అడుగుకి దిగిపోతుందట. లోతులో, బురద పక్కన, కదలకుండా పడి ఉంటుందట. ఆకలే ఉండదు. ఎండ ముదిరి నీళ్లు కాస్త వెచ్చబడిన ఆ కాసేపే దానికి మెలకువ. అప్పుడైనా ఎరని మింగదు, పెదవితో ముట్టి వదిలేస్తుంది. నీళ్ల మీద తేలే బెండు మునగదు, ఉన్నచోటే రవ్వంత పైకి లేస్తుంది. అది చూసి లాగినవాడిదే చేప. వేసవిలోలా గుప్పుమని వాసనొచ్చే ఎర పనికిరాదు, ఎర్రచీమల గుడ్లు కావాలి, అదీ చిటికెడే. ఇదంతా ఆయన అయ్యకీ చెప్పాడు, బెంగాలీలో, చేతులు తిప్పుతూ. అయ్య తలూపాడు. నమ్మాడని మాత్రం నేననుకోను. మావైపు చలికాలమంటే సముద్రం తేటపడి పడవలు బరువుగా తిరిగొచ్చే రోజులు. చలికి చేప తిండి మానేస్తుందంటే ఆయన బుర్రకెలా ఎక్కుతుంది?

మొదటి ఆదివారం మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్లాను. గట్టున ఇరవైమంది దాకా కూర్చుని రెప్పకొట్టకుండా తమ బెండ్లనే చూస్తున్నారు. అయ్య ఒక్కడు కళ్లు మూసుకుని ఉన్నాడు. గాలపుకర్రని పక్కన పడేసి, తీగని చూపుడువేలు మీద నుంచి వదిలి, తల కాస్త వంచి కూర్చున్నాడు. మావాళ్లు సముద్రంలో తీగతో పట్టేది అలాగే. అక్కడ బెండూ గిండూ ఉండదు. ఎన్నో బారల కింద చేప ముట్టిన సంగతి వేలికి తెలియాలి, కళ్లు తెరిచి ఉంటే వేలు సరిగ్గా వినదని అయ్య నా చిన్నప్పుడు చెప్పేవాడు. ఇక్కడ చేప వేలికి అందేంత గట్టిగా ముట్టనే ముట్టదు. ఆయన బెండు మెల్లగా లేచింది. నేను చూశాను, పక్కవాడు చూశాడు, అయ్య చూడలేదు. బెండు మళ్లీ సర్దుకుంది. ఎర తినేసి పోయింది చేప.

"కాకాబాబు నిద్రపోతున్నారు, లేపకండి," అన్నాడు పక్కవాడు, అయ్యని బెంగాలీలో బాబాయిగారని పిలుస్తూ. గట్టంతా నవ్వింది.

అయ్యకి బెంగాలీ రాదు గానీ నవ్వు ఏ భాషలోనైనా నవ్వే కదా. కళ్లు తెరిచి నన్ను చూశాడు. అన్నం గిన్నె అక్కడ పెట్టి, పనుందని చెప్పి గబగబా వచ్చేశాను. ఆయన పరువు పోతుంటే నా ఎదుట పోకూడదని అలా చేశానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాతి వారాలూ అంతే. దాదా ఒక్కోసారి చిన్నదో పెద్దదో తెచ్చేవాడు, అయ్య ఖాళీ చేతులతో వెనకాల వచ్చేవాడు. బెండు చూడు మావా అని మా ఆయన కూడా చెప్పాడు. చూడటానికి ప్రయత్నించాడు పాపం, కానీ నీళ్ల మీద ఎండ తళతళలాడేసరికి కళ్లు వాటంతటవే మూసుకుపోయేవట, వేలే ముందుకు పోయేదట. కుళాయి దగ్గర ఆడవాళ్లు చేప సంగతి అడగడం మానేశారు. అడిగినప్పటికంటే అదే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది. ఇంట్లో ఆయన తిండి ఒక్క ముద్దకి వచ్చింది.

ఒక ఆదివారం దాదాకి జలుబు చేసింది. అయ్య ఒక్కడే వెళ్లాడు. సాయంత్రం, కరెంటు పోయి అందరం వాకిళ్లలోకొచ్చి కూర్చున్న వేళకి, సందు చివర నుంచి చేప పట్టుకుని వచ్చాడు. పెద్ద శీలావతి. బెంగాలీలు రుయి అంటారే, అది. మొప్పల్లోంచి తాడు కట్టి భుజాన వేలాడదీసుకున్నాడు. పిల్లలు వెంటబడ్డారు. మా ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

బౌదీ కిరోసిన్ లాంతరు తెచ్చి దగ్గరగా పెట్టింది. చేపని చూస్తే ఆగలేని మనిషి ఆమె. వంగి మొప్ప ఎత్తింది, కళ్లు నొక్కింది, తోక దగ్గరి వంపుని వేలితో తడిమింది.

"ఇది ఆంధ్రా చేప కదా," అంది బెంగాలీలో. "ఐసు పెట్టెలో వచ్చింది. చూడు, పెట్టెలో పట్టక తోక వంగిపోయింది."

ఆమె మనసులో చెడు లేదు. కలకత్తాలో ఎవరైనా చెప్పగలిగే సంగతే అది. మన వైపు చెరువుల్లో పెంచిన చేపలు ఐసులో వేసుకుని లారీలు రోజూ వచ్చేవి, ఇక్కడివాళ్లు వాటిని రుచిలేని చేపలని ముఖం చిట్లించుకుంటూనే కొనేవాళ్లు. చలికి ఇక్కడి చెరువులు చేప ఇవ్వనప్పుడు మరీను. చేప మూతికి గాలం గుచ్చుకున్న గాటు కూడా లేదు. లాంతరు వెలుగులో అదీ అందరికీ కనబడుతోంది.

మా ఆయనకు వెంటనే అర్థమైంది. కప్పిపుచ్చుదామనే చూశాడు. "ఎలా పడింది మావా? శానాసేపు లాగిందేటి?" అన్నాడు.

"లాగింది," అన్నాడు అయ్య. "బలంగా లాగింది. తీగ వదిలినాను, మళ్లీ లాగినాను. కుడి పక్కకి పోయింది..." ఆయన చెయ్యి గాలిలో తీగని వదులుతోంది, చుడుతోంది. ఊళ్లో పడిన చేప బరువు కూడా ఒక పిసరు తగ్గించి చెప్పే మనిషి, పది మందిలో, ఐసు చేప ముందు నిలబడి కథ చెబుతున్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. చాలు, ఆపు అయ్యా అని అరవాలనిపించింది. దాదా దగ్గుతూ లోపలికి వెళ్లిపోయాడు. అది చూసి అయ్య మాట మధ్యలో ఆగిపోయింది.

"వొండమ్మా, పాడైపోతాది," అన్నాడు చేప నా చేతికిచ్చి.

వండాను. పులుసు సందంతా వాసనొచ్చింది. ఆ పూట ఆయన కంచం ముందుకే రాలేదు.

మర్నాడు మంచు విడవకముందే ఎక్కడికో వెళ్లిపోయాడు. స్టేషనుకి వెళ్లాడేమోనని మా ఆయన డాక్‌కి పోకుండా వెతికాడు. మధ్యాహ్నానికి తనే వచ్చాడు. బట్టలు తడిసి ఉన్నాయి, చేతివేళ్లు చలికి పాలిపోయి ఉన్నాయి. చెరువుకా అంటే కాదన్నాడు. రోజూ అలాగే వెళ్లేవాడు, అలాగే వచ్చేవాడు. వారం తిరిగాక చేతిలో చేపతో వచ్చాడు. మళ్లీ శీలావతే, తోక వంగి ఉన్నదే.

"ఇదీ ఐసుదే," అన్నాడు నేనడగకముందే. "గంగ అవతల సేపల బజారు నేదా, అక్కడ మనోల్ల లారీలొస్తాయి. ఆ దినం కొనడానికెల్తే డ్రైవర్లు తెలుగు మాటాడతన్నారు. పెట్టెలు దించడానికి మనిసి కావాల అన్నారు. నానొస్తాను అన్నాను. కూలితో పాటు సేప ఇచ్చినారు."

"నువ్వు పెట్టెలు మొయ్యడమేటయ్యా? తండేలువి!" అన్నాను. "ఊళ్లో తెలిస్తే నా మొగమేటి? ఈ సందులోవాళ్లు సూస్తే ఏటంతారు?"

"పడవ నేదు, తండేలేటి," అన్నాడు. "వొండు."

ఆయన నెత్తి మీద ఐసు నీళ్లు కారే పెట్టె ఉండటం నేను ఊహించుకోలేకపోయాను. నా చిన్నప్పుడు ఆయన తెచ్చిన చేపని ఒడ్డు మీద వేరేవాళ్లు మోసేవాళ్లు. కోపం, ఏడుపు కలిపి పులుసు కాచాను. ఆ పూట అయ్య పిలవకుండానే వచ్చి మా ఆయన పక్కన కూర్చున్నాడు. మొదటి ముద్ద తిన్నాడు, రెండోది తిన్నాడు, ఆగలేదు. మా ఆయనకి ఆ పూట తిను మావా అనాల్సిన పని పడలేదు.

అప్పుడే బౌదీ తోడుకి పెరుగు కావాలని గుమ్మంలోకి వచ్చింది. కాకాబాబు రోజూ పొద్దున్నే ఎక్కడికెళ్తున్నారని అడిగింది. చేపల వ్యాపారం మొదలుపెట్టారు బౌదీ, ఊరివాళ్లతో కలిసి, అన్నాను బెంగాలీలో. ఎంత చక్కగా వచ్చిందో ఆ మాట నా నోటికి!

అయ్య ముద్ద నోట్లో ఉండగానే తలెత్తాడు. బజారులో వారంలోనే ఆయనకు కాస్త బెంగాలీ పట్టుబడిందని నాకు తెలియదు.

"బ్యాబ్సా నా, బౌదీ," అన్నాడు నవ్వుతూ, వ్యాపారం కాదని. "కూలి. కూలి." ఆమెకు అర్థమయ్యేలా అరచెయ్యి నెత్తి మీద పెట్టి చూపించాడు. తర్వాత నా వైపు తిరిగి ఇంకాస్త అన్నం పెట్టమన్నాడు.

పెట్టాను. బౌదీ ముఖం చూడలేక పెరుగు తెస్తానని తడక వెనక్కి వెళ్లాను. ఆమె పెరుగు తీసుకోకుండానే వెళ్లిపోయింది. అయ్య తిని చెయ్యి కడుక్కునేదాకా నేను ఇవతలికి రాలేదు.