వ్యాను సీటు పోగులు

ఏ పొట్లం వచ్చినా ఆమె ముందు బోర్లించి చూస్తుంది. సీలు ఎక్కడైనా వదిలిందేమో చూశాకే కత్తెర అందుకుంటుంది.

"వంకాయలు ఏరుతున్నట్టుందక్కా," అంటాడు పక్క బల్ల గుమాస్తా.

"పుచ్చొస్తే నువ్వు తింటావా?" అంటుంది, తలెత్తకుండా.

నేర పరిశోధనశాలలో ఆమె పని పోగులతోనే. బట్టకు అంటిన పోగు దేని నుంచి ఊడిందో చెప్పాలి. ఇంట్లో నల్లచీర కట్టదు. కడితే రోజంతా దులుపుకోవడమే.

ఆ రోజు వచ్చింది నాలుగేళ్ల పాప స్వెట్టరు. పాపను బడి గేటు దగ్గర ఎవరో ఎత్తుకుపోయారు. స్వెట్టరు దగ్గర్లోని కంచెకు చిక్కుకుని దొరికింది. చూశామన్న ముగ్గురూ నీలం వ్యాను అన్నారు. ఆ రంగు రొట్టెల వ్యాను నడిపే డ్రైవరు లాకప్పులో ఉన్నాడు.

స్వెట్టరు మీద ఆ వ్యాను సీటు పోగులు ఉన్నాయి. ఆమె ఇన్‌స్పెక్టరుకు ఫోను చేసింది.

"స్వెట్టరు స్టేషనుకి ఎలా తెచ్చారు?"

"మా జీపు రిపేర్లో ఉందమ్మా. పట్టుకున్న వ్యాన్లోనే తెచ్చాం. సీటు మీద జాగ్రత్తగా పెట్టాం."

పోగులు అప్పుడే అంటి ఉండొచ్చని ఆమె కాగితం మీద రాసుకుంది.

"సాక్షుల్ని విడివిడిగా అడిగారా?"

"ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి రాసుకున్నాం. పొల్లు పోకుండా కలిశాయి," అన్నాడు గర్వంగా.

వరండాలో పాప తల్లి కాచుకుని ఉంది.

"వాడేనా అక్కా? మీరు అవునని రాస్తే పాపెక్కడుందో వాడి చేత కక్కిస్తామన్నారు పోలీసులు."

"ఈ పోగుల్ని బట్టి చెప్పలేను తల్లీ."

"మీకు పిల్లలున్నారా?"

"ఉన్నారు."

తల్లి ముఖం తిప్పుకుంది.

ఏమీ తేల్చలేమని రాసి ఆమె సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున్నే బడి గేటు దగ్గరికి వెళ్లింది. ముగ్గురు సాక్షుల్లో ఒకరైన పళ్ల బండి ముసలాయన అప్పుడే గోనెపట్టా తీస్తున్నాడు.

"బాబాయ్, నువ్వు చూసింది చెప్పు."

"అందరూ నీలం వ్యాను అన్నారు కదమ్మా."

"అందరి సంగతీ వద్దు."

ఆయన పట్టా మడతపెట్టాడు. "నేను చూసినప్పుడు ఏ బండీ లేదు. ఒకావిడ పాపని చంకనెత్తుకుని నడిచి పోతోంది. పాప ఏడవలేదు. తల్లే అనుకున్నా."

"ఆ మాట అప్పుడే చెప్పొద్దూ?"

"వాళ్లిద్దరూ అంత గట్టిగా చెబుతుంటే నా కళ్లే మసకేమో అనుకున్నానమ్మా."

ఆమె ఇన్‌స్పెక్టరుకు ఫోను చేసింది. ఆయన ఎత్తలేదు. మళ్లీ చేసింది.