ష్టోరుంగ్ అంటే రద్దు కాదు

మా మేడం పోయారు. మొన్న ఉదయం నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే పై అంతస్తు నుంచి ఆవిడ కూతురు దిగివచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అమ్మ లేవలేదు" అంది. ఆదివారాలు ఆవిడ ఆలస్యంగానే లేస్తారు కదా అనబోయాను. మొన్న మంగళవారం.

విశాఖలో కాలేజీ పిల్లలకి సైకాలజీ చెప్పి, రిటైరయ్యాక జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్‌లో కూతురి దగ్గరికి వచ్చేశారు. ఇక్కడి తెలుగు పిల్లలందరికీ ఆవిడ మేడమే. మనవడు మాత్రం అమ్మమ్మ అనకుండా జర్మన్‌లో 'ఓమా' అనేవాడు. చీర మీద స్వెట్టరు, దాని మీద కొంగు. బేకరీ రొట్టెకి ఆవకాయ రాసుకుని తినేవారు. జర్మన్ అంతా స్టేషన్ బోర్డులు పైకి చదువుతూ నేర్చుకున్నారు. అందుకే ఆవిడకి మొదట వచ్చిన మాట ష్టోరుంగ్. సిగ్నల్‌లోనో పట్టాల మీదో ఏదో అంతరాయం, రైలు నిలిచిందని అర్థం. మిక్సీ తిరక్కపోయినా, మోకాలు పట్టేసినా ఆవిడకి ష్టోరుంగే. "ఈ దేశంలో టెర్మిన్ లేకుండా దొరికే మనిషిని నేనొక్కదాన్నే" అని నవ్వేవారు. నిజంగానే ముందు అపాయింట్‌మెంట్ తీసుకోకుండా ఎవరైనా ఎప్పుడైనా వెళ్లి తలుపు కొట్టేవాళ్లం.

ఆదివారం మధ్యాహ్నాలు ఆవిడ వంటింట్లో చదువుకునే పిల్లలు చేరేవారు. ఫోన్లలో చూసిన మాటలు పట్టుకొచ్చేవారు. ప్రొఫెసర్ నార్సిసిస్టు, మాజీ ప్రేమికురాలు టాక్సిక్. మేడం పప్పు తాలింపు పెడుతూనే విడమరిచి చెప్పేవారు. ఇలాంటి మనస్తత్వాలు స్థూలంగా మూడు గుంపులట. అనుమానంతోనో, అసలు మనుషులే అక్కర్లేకనో, వింత ఆలోచనలతోనో దూరంగా ఉండిపోయేవాళ్లు ఒకటి. మనసు పొంగిపొర్లేవాళ్లు, అందరూ తమనే చూడాలనేవాళ్లు, ఎదుటివాళ్ల నొప్పి పట్టనివాళ్లు రెండోది. భయం మీద బతికేవాళ్లు మూడోది. వాళ్లలో ఒకరు నలుగురిలోకి రారు, ఒకరు ఎవరో ఒకర్ని పట్టుకుని వేలాడతారు, ఒకరికి గరిటె కూడా గీత గీసినట్టు ఉండాలి.

వరంగల్ పిల్లవాడొకడు వెంటనే అందుకున్నాడు. "మా రూమ్మేట్ గదే మేడం. కడిగిన గిన్నెలే మళ్ల కడుగుతడు."

"నీవి కూడా కడుగుతాడా?"

"కడుగుతడు."

"అయితే మా పుస్తకాల్లో దానికి పేరు లేదు నాయనా. అదృష్టం అంటారు."

నవ్వులయ్యాక మాత్రం ఆవిడ గొంతు మారేది. గుణం అందరికీ ఉంటుంది, కుర్రతనం నుంచీ ఇంట్లోనూ బయటా ఒకేలా మనిషినో, చుట్టూ ఉన్నవాళ్లనో నలిపేస్తేనే అది రుగ్మత, ఆ పేరు పెట్టాల్సింది డాక్టరు, మనం కాదు అనేవారు. ఒకసారి నాతో మాత్రం, తను అనుమానం మనిషితోనే కాపురం చేశానని చెప్పారు. "ఆ పేరు తెలిశాక ఆయన మీద కోపం తగ్గింది. కానీ అర్థం చేసుకోవడం వేరు, భరించడం వేరమ్మా. నేను బయటికొచ్చేశాను."

మా పిన్ని కూతురు మాస్టర్స్‌కి వచ్చి ఇక్కడే ఉండేది. ఒకరోజు రూమ్మేట్లే ప్రాణం, మర్నాడు వాళ్ల ముఖం చూడదు. ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే వదిలేశారని ఏడుపు. వాళ్లు 'సైకో' అని నవ్వుకుని పక్కకి తప్పుకున్నారు. చేతి మీద గాట్లు చూసి నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బోర్డర్‌లైన్ అన్నారు. దాని వెనక పొడుగాటి జర్మన్ మాట, వ్యక్తిత్వ రుగ్మత అని అర్థం. దాని చివరా ష్టోరుంగే.

"జ్వరం వస్తే తగ్గుతుందక్కా. నేనే జబ్బంటే ఇంక తగ్గేదేముంది?" అంది.

నెలలు ఎదురుచూశాక మన్‌హైమ్‌లో థెరపీకి చోటు దొరికింది. మొదటి టెర్మిన్‌కి వెళ్లకపోతే అది ఇంకొకరికి పోతుంది. మేడం తనూ వస్తానన్నారు. ఈ దేశంలో ఒక రైలు ముందే బయల్దేరాలని త్వరపెట్టి, జంతికల డబ్బా సంచిలో వేసుకున్నారు. తీరా ప్లాట్‌ఫామ్ మీద చూస్తే బోర్డు మీద ష్టోరుంగ్. మా పిల్ల ముఖం పాలిపోయింది. "చూశావా అక్కా, నా పేరే రాశారు. ఇంటికెళ్లిపోదాం" అని వెనక్కి తిరిగింది.

మేడం ఆపలేదు. బెంచీ మీద కూర్చుని డబ్బా మూత తీశారు.

"వెళ్దాంలే. ముందు ఆ బోర్డు చదివి పెట్టు, నాకు కళ్లజోడు లేదు. రద్దయిందని ఉందా?"

"లేదు."

"మరి?"

"లేటని ఉంది."

"ష్టోరుంగ్ అంటే రద్దు కాదమ్మా. కూర్చో."

కళ్లజోడు ఆవిడ మెడలోనే వేలాడుతోంది. పిల్ల అది చూసింది. చూసి కూడా కూర్చుంది. జంతికలు నములుతూ ముగ్గురం పట్టాల వైపు చూస్తూ ఉండిపోయాం. రైలు వచ్చింది. ముందు తనే ఎక్కింది.

దానివల్లే బాగుపడిందని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. ఆ రోజు రైలు నిజంగానే రద్దయి ఉంటే? ఈ మాట మేడంని అడిగాను. "అప్పుడు ఇంకేదో అనేదాన్ని" అని, "చాలామందికి తగ్గుతుంది. అందరికీ అని మాత్రం నేను చెప్పను" అన్నారు. థెరపీ ఏళ్ల తరబడి నడిచింది. మధ్యలో మానేసింది, మళ్లీ వెళ్లింది. ఇప్పుడు దూరంగా ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో ఉద్యోగం. ఇప్పటికీ కొన్ని రోజులు గడవవు.

రేపు మేడంకి వీడ్కోలు. మా పిన్ని కూతురికి కబురు ఫోన్‌లో మెల్లగా చెప్పాను. వదిలి వెళ్లిపోవడం అనే మాటకే బెదిరే పిల్ల అది. రైల్లో వస్తానంది. ఈ సాయంత్రం స్టేషన్‌కి వెళ్లి నిలబడ్డాను. రావలసిన రైలు రాలేదు. దాని బదులు ఫోన్ మోగి మెసేజ్ వచ్చింది.

"అక్కా, మన్‌హైమ్ దగ్గర ష్టోరుంగ్. కూర్చో. వస్తున్నా."

ఆ బెంచీ మీదే కూర్చున్నాను. ఒక పక్కకి జరిగి, ఇద్దరికి చోటు వదిలి.