ఊపిరి కోసం కర్నూలు దాకా

బేతంచెర్ల నుంచి కర్నూలుకు ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. పద్దెనిమిదేళ్ళుగా అంగన్‌వాడీ టీచరుని. మీటింగులకూ ట్రైనింగులకూ తిరిగి తిరిగి, ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో నోటికి వచ్చేసింది. ఈసారి మాత్రం దారిలో ఏ ఊరు వచ్చిందో, ఏ ఊరు పోయిందో చూడలేదు. ఒళ్ళో ఉన్న మనవరాలినే చూస్తూ కూర్చున్నాను.

స్నేహకు పద్నాలుగు నెలలు. నాలుగు రోజులుగా జలుబు, దగ్గు, జ్వరం. ‘పొద్దునకు తగ్గకపోతే కర్నూలుకు తీసుకపో’ అని ముందురోజు ఊళ్ళో డాక్టరు అన్నాడు. తగ్గలేదు. కొడుకు బండల లారీతో చెన్నై దారిలో ఉన్నాడు. కోడలు రూతూ నేనూ ఉదయం ఆరుంబావు బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు గానీ ఆధార్ కార్డు చూపించాలి. హడావుడిగా బయలుదేరేవాళ్ళు ముందు దాన్ని సంచిలో వేసుకోండి.

ఏడు దాటేసరికి రూతు నా చెయ్యి పట్టుకుంది. “అత్తా, డొక్కలు ఎగరేస్తాండాది సూడు.”

గౌను ఎత్తి చూశాను. ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద చర్మం లోపలికి పోయి వస్తోంది. గొంతులో సన్నగా పిల్లికూత. 

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, కిటికీ పక్క చోటు మాకిచ్చాడు. “రాతిపొడి లోపలికి పోయింటాదమ్మా. మన ఊర్లో ఏ పిల్లోనికి దగ్గు లేదు చెప్పు,” అన్నాడు.

నేనూ అదే అనుకున్నాను. మా వీధిలో మూడు బండల పాలిష్ మిషన్లున్నాయి. ఎవరు దగ్గినా రాతిపొడి మీదికే తోసేస్తాం. అందుకే వారం రోజులుగా మా అంగన్‌వాడీ సెంటర్లో తలుపుకూ కిటికీలకూ తడి గోనెపట్టాలు కట్టించి, పిల్లలందరినీ ఒకే గదిలో పెట్టాను. స్నేహనూ వాళ్ళ మధ్యే కూర్చోబెట్టాను. అంతకంటే క్షేమమైన చోటు ఊళ్ళో లేదని నా ధీమా.

ఎనిమిదిన్నరకు కర్నూలులో దిగి, ఆటోలో పెద్దాసుపత్రికి పోయాం. పిల్లల వార్డులో ఓ చిన్న వయసు డాక్టరమ్మ స్నేహను చూడగానే మంచం మీద పడుకోబెట్టి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టించింది. తర్వాత ముక్కులో దూదిపుల్ల తిప్పి పరీక్షకు పంపింది. పిల్ల దగ్గర ఒక్కరే ఉండాలన్నారు. రూతు లోపల, నేను వరండాలో. పక్కనున్న ఓ ముస్లిం ఆమె తన చాపలో సగం నాకిచ్చింది. పది గంటలకు గేటు బయట బొరుగుల ఉగ్గాని కట్టించుకొని వచ్చాను. రూతు రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసింది.

మరుసటి రోజు మధ్యాహ్నం రెండింటికి డాక్టరమ్మ నన్ను పిలిచింది. “ఇది బోకా వైరస్ అమ్మా. ఐదేళ్ళు వచ్చేలోపల శానామంది పిల్లలకు సోకేదే. కొందరికి జలుబుతో పోతుంది, కొందరిని ఇట్ల ఇబ్బంది పెడుతుంది.”

“రాతిపొడి కాదా అమ్మా?”

“దుమ్ము మంచిదని చెప్పను. కానీ ఇది ఒకరి దగ్గు నుంచి, చీమిడి చేతుల నుంచి ఇంకొకరికి అంటుకునేది. పాప చుట్టుపక్కల ఎవరైనా దగ్గుతాండారా?”

గోనెపట్టాలు కట్టిన గది కళ్ళ ముందుకొచ్చింది. పదకొండు మంది పిల్లలు, అందులో ముగ్గురికి ముక్కులు కారుతున్నాయి. గాలి కూడా దూరకుండా మూసింది నేనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్కడే నిలబడి మా ఆయా లక్ష్మక్కకు ఫోన్ చేశాను.

“పట్టాలన్నీ పీకెయ్ అక్కా. కిటికీలు తెరువు. దగ్గే పిల్లోళ్ళను ఇండ్లకు పంపు. మిగిలినోళ్ళకు సబ్బుతో చేతులు కడిగించు.”

“దుమ్ము వస్తాది కదా టీచరమ్మా? నువ్వే కదా కట్టమంటివి?”

“నేనే కట్టమన్నా. నాదే తప్పు.”

డాక్టరమ్మ తన సెల్లులో ఆ వైరస్ బొమ్మ చూపించింది. గుండ్రంగా ఉంది, ఒళ్ళంతా పలకలు. ఏ పక్క తిప్పినా ఒకటే కొలత. బండలు కోసే ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని. ఇంత కొలతగా కోసే మిషన్ మా ఊళ్ళో నేను చూడలేదు. కంటికి ఆనని చిన్న వస్తువుకు అంత పనితనం ఎవరు పెట్టారా అని భయమూ వేసింది, చేతులెత్తి మొక్కాలనీ అనిపించింది.

“మందేమిస్తారమ్మా?”

“దీనికంటూ మందు లేదు. ఊపిరికి ఆక్సిజన్ సాయం, ఒంట్లో నీళ్ళు తగ్గకుండా చూడటం. గెలవాల్సింది పాప ఒళ్ళే.”

మూడో రోజు ఉదయం నన్ను కాసేపు లోపలికి రానిచ్చారు. గంటసేపు ఆ చిన్న గుండెల మీదినుంచి చూపు తిప్పలేదు. డొక్కలు ఎగరడం తగ్గింది. పిల్లికూత పోయింది. నాలుగు మాటలు రాని పిల్ల, నడక కూడా రాని పిల్ల, లోపల ఎవరితో ఎట్లా పోరాడుతోందో తనకే తెలియదు. నోట ప్రార్థన కూడా రాలేదు నాకు.

ఐదో రోజు పంపించారు. బస్సు కుదుపులకు భయపడి రైలెక్కాం. మధ్యాహ్నం మూడింటికి కర్నూలులో ఎక్కితే డోన్‌లో దిగి బండి మారాలి. మధ్యలో గంటకు పైగా కాచుకోవాలి, పాలు ముందే పోయించుకొని పెట్టుకోండి. రెండో బండిలో ఓ పెద్దమ్మ పాపను ఎత్తుకుంటానని చేతులు చాచింది. కొన్నాళ్ళు ఇంకొకరికి అంటవచ్చని చెప్పి ఇవ్వలేదు.

బండి కదలగానే స్నేహ పాల సీసా కింద పడేసుకొని, గొంతు చించుకొని ఏడుపు అందుకుంది. పెట్టె అంతా మావైపే చూసింది. రూతు ఓదార్చబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఎదుటి సీటాయన విసుక్కున్నాడు. “ఏమ్మా, బిడ్డ అట్ల ఏడుస్తాంటే నవ్వుతా కూర్చుండావే?”

“ఇంకొంచెం ఏడవనీ అప్పా,” అన్నాను. “ఐదు దినాలుగా దీనికి ఏడవనీకి ఊపిరి లేకపాయ.”

ఆయన వంగి సీసా తీసి, పంచె అంచుతో తుడవబోయి ఆగి, కడుక్కొని రమ్మని రూతు చేతికిచ్చాడు. స్నేహ ఇంకా ఏడుస్తూనే ఉంది. నాకు ఎంత విన్నా తనివి తీరలేదు.