వంకల బాబాయి కొత్త ఫోను

వంకల బాబాయికి లోకంలో నచ్చిన వస్తువంటూ ఒక్కటీ లేదు. గడియారాల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు తనిఖీ పని చేసిన మనిషి. కదలని ముల్లు, వంకర అంకె, గీత పడిన అద్దం పట్టుకుని పక్కన పెట్టించడమే ఆయన ఉద్యోగం. రిటైరయ్యే రోజున అందరూ కలిసి సన్మానం చేసి గోడగడియారం చేతిలో పెడితే, వేదిక మీదే చెవి దగ్గర పెట్టుకుని విని, "దీన్ని పాస్ చేసిందెవర్రా?" అని అడిగాడు. ఆ తరవాత ఉద్యోగమైతే పోయింది కానీ చూపు పోలేదు. అద్దె ఇంటి మెట్ల నుంచి ఆకాశంలో చందమామ దాకా అన్నిటికీ వంక పెట్టేవాడు. పేరు ఎవరికీ గుర్తు లేదు. వీధంతటికీ ఆయన వంకల బాబాయి.

అలాంటి మనిషి ఒక సోమవారం పొద్దున్నే ఆ ఏడాది వచ్చిన కొత్త టచ్ ఫోను కొనుక్కుని, పెట్టె కూడా పారేయకుండా, సరాసరి వీధి మలుపులో ఉన్న ఫోన్ మెకానిక్ దగ్గరికి వచ్చేశాడు.

మెకానిక్‌కి ఇంకా నలభై నిండలేదు. మాటలు మానేసి ఎనిమిది నెలలైంది. "అవుతుంది", "అవదు", "రేపు". ఈ మూడు ముక్కలతోనే షాపు నడుపుకొస్తున్నాడు. అంతకుముందు మాటలన్నీ భార్య వంతు, చేతిపని ఇతని వంతు. ఆవిడ ముందు కౌంటర్లో ఎత్తు స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళ గోడంతా విని, చిన్న చీటీ మీద రాసి ఫోనుకి అంటించేది. "తెర పోయింది. పాపాయి మొదటిసారి నవ్విన ఫోటో ఉంది, జాగ్రత్త." "ఛార్జింగ్ ఎక్కట్లేదు. పెద్దాయన ఒక్కరే ఉంటారు, ఇవాళే ఇచ్చెయ్." అతను ఆ చీటీ చూసి పని చేసేవాడు. ఆవిడ జ్వరమని పడుకుని పదకొండో రోజున పోయింది. స్టూలు అక్కడే ఉంది. చీటీలు రాసేవాళ్ళే లేరు. పైగా కొత్త ఫోన్లన్నీ జిగురుతో అతికించేసి వస్తున్నాయి, బాగు చేయించేవాళ్ళే తగ్గిపోయారు. నెలాఖరుకి షాపు ఖాళీ చేసి అక్క ఇంట్లో ఓ మూల పడుంటానని అతను యజమానికి చెప్పేశాడు, ఆ మాట వీధంతా పాకింది. "షాపు మూసివేయబడినది" అన్న అట్ట కూడా రాసి తలుపు వెనక పెట్టుకున్నాడు.

"ఇదిగో, దీని అంచులు చూడు," అంటూ బాబాయి ఫోను కౌంటర్ మీద పెట్టాడు. "నాలుగు పక్కలా అద్దం కిందికి వంగిపోయింది. పిట్టగోడ లేని మేడ కట్టినట్టుంది. నా వేలు జారి పడిపోదూ?"

"అది డిజైన్ బాబాయ్."

"లోపాన్ని డిజైన్ అంటే మా ఫ్యాక్టరీలో చెవి మెలేసేవాళ్ళు. చీటీ రాయి."

"దీనికి చీటీ ఎందుకు?"

"చీటీ లేని లోపం లోపమే కాదు. రాయి!"

రాసేదాకా కదలడని అర్థమై మెకానిక్ సొరుగులోంచి భార్య వాడిన చీటీల కట్ట తీశాడు. "అంచులు వంగి ఉన్నవి" అని రాశాడు. బాబాయి దాన్ని ఎగాదిగా చూసి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మంగళవారం మళ్ళీ వచ్చాడు. "వెనకాల మూడు కళ్ళున్నాయిరా దీనికి! నేను స్నానానికి వెళ్ళినప్పుడల్లా తువ్వాలు దీనికి కప్పి వెళ్తున్నాను."

"మరి మీకు బాబాయ్?"

"అదే కదా నా బాధ! రాయి చీటీ."

బుధవారం మరో గొడవ. మొహం చూపిస్తే చాలు, తాళం దానంతటదే తెరుచుకుంటోందట. "నిద్రలేచిన మొహంతో చూపించినా తెరుచుకుంటుంది, ముక్కు చీదుతూ చూపించినా తెరుచుకుంటుంది. మరీ ఇంత నమ్మకమైతే ఎలా బతుకుతుందిరా ఇది? ఏదీ, నీ మొహం చూపించు." చూపించాడు. తెరుచుకోలేదు. "చూశావా, ఏడుపు మొహం దానికీ నచ్చలేదు. ఒకసారి నవ్వి చూపించు."

"నవ్వినా తెరుచుకోదు బాబాయ్. అది మీ మొహమే గుర్తుపెట్టుకుంటుంది."

"తనిఖీ చెయ్యకుండా ఎలా చెప్తావ్? నవ్వు!"

మెకానిక్ నవ్వలేదు. నవ్వుకి ఏ కండరం కదపాలో మరిచిపోయి చాలా రోజులైంది. బాబాయి నిట్టూర్చి, "లోపం అలాగే ఉంది," అన్నాడు. ఫోను గురించే అన్నాడనుకున్నాడు మెకానిక్.

ఆ తరవాత వరస తప్పలేదు. ఫోటో తీస్తే మొహం మీద ముడతలు మాయమయ్యాయని ఒకరోజు పేచీ. "డెబ్బై ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న ముడతలురా అవి! వెనక్కి ఇప్పించు." నీళ్ళలో పడినా ఏమీ కాదని రాశారు కానీ, ఎన్నాళ్ళు బకెట్ పక్కన పెట్టుకుని ఎదురుచూసినా తనంతట తాను పడట్లేదని ఇంకోరోజు. ఒక మధ్యాహ్నమైతే అడుగుల లెక్క మీద రభస. ఫోను మూడొందల నలభై అంటోంది, తాను మూడొందల యాభై రెండు వేశాడు. "నా వెనకే నడిచి లెక్కపెట్టు, ఎవరు దొంగో తేలిపోతుంది." షాపుకి గొళ్ళెం పెట్టించి, వీధి చివరిదాకా తీసుకెళ్ళి, అక్కడ అంకె మరిచిపోయానని మళ్ళీ మొదటికి తీసుకొచ్చాడు. ఎనిమిది నెలల్లో మెకానిక్ ఒంటికి అంత ఎండ తగలడం అదే మొదలు. దారిలో బట్టలు కుట్టే ఆవిడ పలకరిస్తే రెండు మాటలు చెప్పాల్సి వచ్చింది కూడా.

"ఇంత నచ్చనిది ఎందుకు కొన్నారు బాబాయ్?" అని విసుక్కున్నాడు తిరిగొస్తూ.

"బాగున్నది కొంటే రోజంతా ఏం చెయ్యమంటావ్?"

విసుక్కున్నాడే కానీ, మర్నాడు పది దాటినా బాబాయి రాకపోతే మెకానిక్ రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి చూశాడు. అయినా అట్ట తలుపు వెనక అట్లాగే ఉంది. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులు.

ఆ వేళ పొద్దుటి నుంచి వాన. పదకొండింటికి బాబాయి వచ్చాడు. చొక్కా మోచెయ్యి దగ్గర చిరిగి నెత్తురు కారుతోంది. మెట్ల మీద జారాడట. చేతిలో ఫోను తెర సాలెగూడులా పగిలిపోయి ఉంది.

"అయ్యయ్యో! ఇలా ఇవ్వండి."

"దీనికేం కాలేదు," అన్నాడు బాబాయి. "బ్రహ్మాండంగా ఉంది. ఇంత మంచి ఫోను నేను చూడలేదు."

మెకానిక్‌కి మతి పోయింది. నలుసంత లోపం లేనప్పుడు నానా యాగీ చేసిన మనిషి, ముక్కలైన తెర పట్టుకుని బ్రహ్మాండం అంటున్నాడు! తలకి గాని దెబ్బ తగిలిందేమోనని భయపడి నుదురు తడిమి చూశాడు. ఆయన ఫోను గుండెకి హత్తుకుని ఇవ్వనంటాడు, ఇతను లాక్కుంటాడు. చివరికి బయటికి గెంటినంత పని చేసి, పక్క మేడలో ఉన్న డాక్టరు దగ్గరికి కట్టు కట్టించుకోమని పంపాడు. తాళం అంకెలు చెప్పకపోతే డాక్టరుకి చెప్పి పెద్ద సూది వేయిస్తానని బెదిరిస్తే, బాబాయి మొహం వేలాడేసుకుని నాలుగంకెలు చెప్పి వెళ్ళాడు.

జిగురు వేడి చేసి, పాత తెర ఊడదీసి, కొత్తది అతికించాడు. తెర మార్చాక వేలి తాకిడి అన్నిచోట్లా అందుతోందా లేదా అని చూడాలి. అందుకు అతను ఎప్పుడూ ఫోన్లో నోట్స్ రాసుకునే పేజీ తెరిచి, ఆ చివరి నుంచి ఈ చివరికి గీతలు గీస్తాడు. అలవాటు ప్రకారం తెరిచాడు. అందులో ముందే ఏదో రాసుంది.

"పని: కుర్రాడి షాపు మూతపడకూడదు. సోమ: అంచులు. చీటీ రాయించాలి. (రాశాడు. పోయిన ఆ పిల్ల చీటీల కట్టే తీశాడు.) మంగళ: మూడు కళ్ళు. (ఎదురు ప్రశ్న వేశాడు. మంచిదే.) బుధ: మొహం, నవ్వించాలి. (నవ్వలేదు. లోపం అలాగే ఉంది.) అడుగుల లెక్క: ఎండలో నడిపించాలి. (నాలుగు మాటలు మాట్లాడాడు. నా మోకాళ్ళు పోయాయి.)"

అక్కడితో ఆగలేదు. రేపటిది ఉంది, ఎల్లుండిది ఉంది. "అలారం మరీ మర్యాదగా మోగుతోంది." "వెలుతురు ఎక్కువై కలలు కనబడుతున్నాయి." ఇంకా రాని లోపాలు తేదీలతో సహా వచ్చే ఏడాది వానాకాలం దాకా రాసిపెట్టి ఉన్నాయి. అన్నిటికంటే కింద ఒక వాక్యం: "ఇవన్నీ అయిపోయేలోగా కుర్రాడు మామూలు మనిషి కాకపోతే టచ్ వాచీ కూడా కొనాలి."

మెకానిక్ అదంతా మొదటి నుంచి మళ్ళీ చదివాడు. కళ్ళు తడిశాయి. వాచీ మాట దగ్గరికొచ్చేసరికి, ఏ కండరం కదిలిందో ఏమో, నవ్వొచ్చింది. ఒక్కడే కూర్చుని పైకే నవ్వాడు. తరవాత యజమానికి ఫోన్ చేశాడు.

"ఇప్పుడే ఖాళీ చెయ్యలేనండీ. ఒక కస్టమర్ పని మిగిలిపోయింది. ... ఆఁ, వచ్చే వానాకాలం దాకా పడుతుంది. ... ఒకటే ఫోనండీ. లోపాలు చాలా ఉన్నాయి."

బాబాయి మోచేతికి కట్టుతో వచ్చి, దొంగచూపులు చూస్తూ, "ఏమైనా చూశావా అందులో?" అన్నాడు.

"మీ ఫోన్లో ఏముంటుంది బాబాయ్ చూడ్డానికి? తీసుకోండి. రేపు అలారం మరీ మర్యాదగా మోగితే మాత్రం తీసుకురండి."

బాబాయి గబుక్కున ఫోను అందుకున్నాడు. ఫోను తిప్పి చూస్తే వెనకాల చీటీ అంటించి ఉంది. "తెర మార్చాను. ఫోనుకి ఏ లోపమూ లేదు. మనిషి చాలా మంచివాడు, జాగ్రత్త."

ఆయన దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. దూరంగా పెట్టుకుని ఇంకోసారి చదివాడు. ముక్కు గట్టిగా చీదాడు. ఆపైన ఎత్తు స్టూలు లాక్కుని, దాని మీద ఎక్కి కూర్చున్నాడు.

"అక్షరాలు వంకరగా ఉన్నాయి," అన్నాడు. "మళ్ళీ రాయి."