పంతులమ్మ కారు లారీ ఎక్కకూడదు

మా పక్కింటి పంతులమ్మ మీద నాకు ఆరేళ్లుగా ఒక కోపం ఉంది. పోయిన సోమవారం ఆమె విశాఖపట్నం ఆసుపత్రిలో చనిపోయిందని కబురొచ్చింది. జ్వరమని బస్సులో వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ముప్పై ఏళ్లు అరకు ఘాట్లో జీపు నడిపినవాణ్ని నేను. అలాంటి నా చేతికి ఆమె తన కారు స్టీరింగు ఒకే ఒక్కసారి ఇచ్చి, మళ్లీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ కారును ఎక్కించుకుపోవడానికి ఆదివారం లారీ వస్తుందట. ఆమె తమ్ముడు ఫోనులో చెప్పాడు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు రాత అంతంతమాత్రం, సర్దుకుని చదవండి. ఆ కారు లారీ ఎక్కకూడదు. తన చక్రాల మీద తనే ఘాటు దిగాలి.

అది కరెంటుతోనూ నడుస్తుంది, పెట్రోలుతోనూ నడుస్తుంది. తమ్ముడు కొన్నాళ్లు వాడి ఆమెకిచ్చాడు. సెల్‌ఫోనుకు పెట్టినట్టు రాత్రి వైరు పెడితే తెల్లారేసరికి నిండుతుంది. ఆ చార్జింగు అయిపోతే పెట్రోలు ఇంజను దానంతటదే లేస్తుంది. ఆమె బడి కొండ మీద ఊళ్లో. పొద్దున్న ఎక్కాలి, సాయంత్రం దిగాలి. మధ్యలో ఇంజను లేవకుండా ఇల్లు చేరడమే ఆమె పంతం. "ఇంజన్ని పడుకోనీ తాతా, అది లేచిందంటే నేను ఓడిపోయినట్టే" అనేది.

దానికోసం ఆమె పడే పాట్లు చూసి నవ్వేవాణ్ని. ప్రతి శనివారం టైర్లలో గాలి చూపించేది. చలికాలంలో వైరు పీకక ముందే కారు లోపల వేడి పెట్టి, దారిలో అది కట్టేసి శాలువా కప్పుకునేది. మలుపు ఇంకా ఎక్కడో ఉండగానే ఎక్సిలేటరు మీంచి కాలు తీసేసేది. కారు పైనున్న క్యారియరు విప్పించేసింది. డిక్కీలో ఉన్న పాత పుస్తకాల కట్టలు, ఎవరో అభిమానంతో ఇచ్చిన చోళ్ల బస్తా, అంటే రాగుల బస్తా, అన్నీ దింపేసింది. "బరువు తాతా, బరువు! కొండెక్కేటప్పుడు కేజీ కేజీకీ చార్జింగు తినేస్తాది."

నేను రోజూ ఆమె పక్క సీట్లో వెళ్లేవాణ్ని. పై ఊళ్లో నాకు కాస్త కాఫీ తోట ఉంది, చూసుకోవాలని చెప్పేవాణ్ని. అందులో పని అరగంట. మిగతా రోజంతా బడి గోడ నీడలో కూర్చుని సాయంత్రం కోసం చూసేవాణ్ని. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. ఆ ముక్క ఆమెకు చెప్పలేదు. చెప్పుకునే రకాన్ని కాను.

ఇక స్టీరింగు సంగతి. ఒక సాయంత్రం ఆమె మణికట్టు బెణికింది. నువ్వే నడుపు తాతా అంది. దిగుడు మొదలవగానే నా చెయ్యి పోయి బండిని న్యూట్రల్లో పడేసింది. మా ఘాటు జీపులవాళ్లం అందరం అంతే. దిగుడంటే న్యూట్రలే.

"ఏటి తాతా, ఏటి సేత్తన్నావు?"

"డీజిలు మిగుల్తాదమ్మా. ముప్పై ఏళ్లబట్టి ఇలాగే దిగుతన్నాను."

"ఇందులో డీజిలెక్కడుంది? గేరులో ఉంటేనే సక్రాలు తిరిగి బ్యాటరీకి కరెంటొస్తాది. కొండ ఇచ్చేదంతా నువ్వు గాలికి వదిలేత్తన్నావు."

"కొండ కరెంటిస్తాదా? బళ్లో పిల్లలకీ ఇలాగే సెప్తన్నావేటి?"

గేరు వేశాను. నాలుగు మలుపులు తిరిగేసరికి చెయ్యి మళ్లీ అక్కడికే పోయింది. చివరికి మా వీధి మొదట్లో, ఇల్లు కనిపిస్తుండగా, పెట్రోలు ఇంజను గుర్రుమంది. ఆమె పకపకా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. "నువ్వు వింటావు గానీ తాతా, నీ సెయ్యి వినదు" అంది. మర్నాడు బెణికిన చేత్తోనే నడిపింది.

పది రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. కారెక్కడం మాత్రం మానలేదు.

పదకొండో రోజున ఉండబట్టలేక అడిగాను. "బరువు బరువంటావు కదా, నన్ను దింపేస్తే నీ ఇంజను హాయిగా పడుకుంటాది కదమ్మా?"

ఆమె రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పలేదు. "నిన్ను దింపేస్తే నీ తోటెవరు సూత్తారు తాతా?"

నా తోట మీద ఆమెకు అంత శ్రద్ధ ఎందుకా అనుకున్నాను.

విశాఖపట్నంలోనే ఆమెను పూడ్చిన రోజు ఇక్కడ బడి వంటామె నా దగ్గరకొచ్చి ఏడ్చింది. గోడ నీడలో రోజూ నాకు ఒక కుర్చీ వేసి ఉండేది. అది బడి కుర్చీ అనుకునేవాణ్ని. "పంతులమ్మ కొనుక్కొచ్చిందే బాబూ. తాతకి తోటలో పనేటీ లేదు, రోజంతా ఇక్కడే కూకుంటాడు, ఎండ తిరిగితే కుర్చీ తిప్పమనీది" అంది.

చోళ్ల బస్తాను దింపేసిన మనిషి బస్తాకు మించిన బరువును రోజూ ఎక్కించుకుని కొండెక్కింది. ఎన్ని సాయంత్రాలు నా మూలంగా ఓడిపోయిందో నాకు తెలియదు. ఈ వారమంతా పొద్దున్నే తయారై గేటు దగ్గర నిలబడుతున్నాను. నిలబడి లోపలికొచ్చేస్తున్నాను.

ఇక మీకే చెబుతున్నాను తమ్ముడుగారూ, మీరు ఫోనులో "చార్జింగు లేదు, ఘాట్లో ఎవరు దింపుతారు, లారీయే సుఖం" అన్నారు. తాళం పట్టుకుని రండి చాలు. వైరు వరండాలోనే ఉంది. గాలికొండ దాకా ఎక్కుడు, అక్కడ నెమ్మదిగా తొక్కండి. ఆ తర్వాత అంతా దిగుడే. గేరులోనే ఉంచి కాలు తియ్యండి. మలుపు మలుపుకీ మీటరులో అంకె పెరుగుతుంది. మీ అక్క రోజూ చేసిన పని అదే. అలాంటి బండిని కట్టేసి లారీ మీద దించితే ఆ కొండ దిగుడంతా దండగ. మీరే నడపండి. ఎక్కడ కాలు తియ్యాలో పక్కన కూర్చుని నేను చెబుతాను. ఆ దారి మీకు తెలియదు, నాకు తెలుసు.

శుక్రవారం సంత ముగిసేలోగా నాకు జవాబు కావాలి. అవునంటే అవునని, కాదంటే కాదని నోటితో చెప్పండి. విశాఖపట్నం చేరాక నా సంగతి మీరు చూడక్కర్లేదు. ఎక్కడ దింపితే అక్కడ దిగి, బస్సెక్కి ఒక్కణ్నే వచ్చేస్తాను.